తాళాలాయన ఇంటి బేరం

ఆ చుట్టుపక్కల ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా అందరూ ముందు తాళాలాయన దగ్గరికే వెళ్ళమనేవారు. అసలు పేరు ఆఫీసు బోర్డు మీద ఉంది గానీ దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. ఖాళీగా ఉన్న ఇళ్ళ తాళాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. నడుముకి వేలాడే ఆ గుత్తి చప్పుడు, మనిషి వీధి మలుపు తిరగకముందే వినిపించేది.

ఇల్లు చూపించడంలో ఆయన పద్ధతి వేరు. మిగతా ఏజెంట్లు తలుపు తీస్తూనే గాలి, వెలుతురు అని మొదలుపెడతారు. ఈయన నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పేవాడు. గోడని అరచేత్తో తడిమి, ఇల్లు చూడ్డానికొచ్చిన పార్టీ చేత కూడా తడిమించేవాడు. “బాగున్నవి మీ కళ్ళకి ఎలాగూ కనిపిస్తాయి. కనిపించనివి చెప్పడానికే నాకు కమిషన్ ఇస్తున్నారు” అనేవాడు. విని కొందరు వెనక్కి తగ్గేవారు. కానీ ఆయన ద్వారా కొన్నవాళ్ళెవరూ తరవాత తిట్టుకోలేదు. తమ చుట్టాలని, ఆ చుట్టాల చుట్టాలని కూడా ఆయన దగ్గరికే పంపేవారు.

ఇన్ని ఇళ్ళు అమ్మిన మనిషి మాత్రం అద్దె ఇంట్లో ఉండేవాడు.

డబ్బు లేక కాదు. ఆయనదీ, కళ్ళద్దాల షాపు నడిపే భార్యదీ కలిపితే ఓ మోస్తరు ఇల్లు ఎప్పుడో వచ్చి ఉండేది. ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే సొంత ఇంటి మీద మనసు పడింది. ఏదైనా ఇల్లు నచ్చి “ఇది మనమే తీసుకుంటే?” అంటే ఆయన కాదనేవాడు కాదు. “చూద్దాం పద” అని తీసుకెళ్ళేవాడు. తీసుకెళ్ళాక ఒకదానికి పడమటి గోడ వేడెక్కుతుంది. ఇంకోదానికి మురుగు కాలవ వాలు సరిగ్గా లేదు. మరోదానికి అన్నీ బాగానే ఉన్నా, పక్కింటాయన ప్రతిదానికీ కేసు వేసే కోర్టు పక్షి. ఆవిడ విని, విని, షాపుకి వెళ్ళిపోయేది. షాపులో కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా, ముందుది బాగుందా?” అని ఓపిగ్గా అడుగుతుంటే ఎంత మొండి మనిషైనా చివరికి ఏదో ఒకటి ఒప్పుకునేవాడు. ఒక్క మొగుడి దగ్గరే ఆ ప్రశ్న పారలేదు.

అద్దె ఇల్లు మారినప్పుడల్లా కిటికీల కొలతలు మారేవి. ఆవిడ పాత కర్టెన్లకే కింద ఓ రంగు అంచు, ఆ తరవాతి ఇంటికి ఇంకో రంగు అంచు అతికించి కుట్టేది. అలా కుట్టీ కుట్టీ అవి చివరికి జెండాల్లా తయారయ్యాయి. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు సెలవులకి బయల్దేరే ముందు ఫోన్ చేసి, “అమ్మా, ఈసారి ఏ ఇంటికి రావాలి?” అని అడిగేది. నవ్వుతూనే అడిగేది. ఆవిడకి మాత్రం ఆ నవ్వు చాలాసేపు చెవిలో ఉండిపోయేది.

ఆ ఏడాది ఎండలు మొదలయ్యే వేళ ఇంటి ఓనరు వచ్చాడు. మర్యాదస్తుడు. టీ తాగాడు, వాతావరణం గురించి మాట్లాడాడు, కప్పు కింద పెట్టి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి, కూతురూ అల్లుడూ ఇక్కడికే వచ్చేస్తున్నారని, వీలు చూసుకుని ఖాళీ చేస్తే బాగుంటుందని నసిగాడు.

“దానికేముందండీ, మన చేతిలో పనేగా” అన్నాడు తాళాలాయన. ఓనరు గుమ్మం దాటగానే భార్య వైపు తిరిగి, “ఇంకో మంచి అద్దె ఇల్లు చూస్తాలే. నాకు వదిలెయ్” అన్నాడు.

ఆవిడ టీ కప్పులు తీస్తూ “సరే” అంది.

ఆ సరే ఎలాంటి సరేనో ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కనిపెట్టి ఉండాల్సింది. అప్పుడే ఫోన్ మోగడంతో ఆయన దృష్టి అటు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి ఆవిడ తన తమ్ముడి ఆఫీసుకి వెళ్ళింది. తమ్ముడూ ఇళ్ళ ఏజెంటే. పని నేర్చుకున్నది బావ దగ్గరే. కొన్నాళ్ళు ఆ గుత్తి మోశాడు. పార్టీ లోపలికి అడుగుపెట్టగానే లోపాల చిట్టా విప్పే బావతో వేగలేక, “బావా, నీతో ఉంటే నాకు పెళ్ళి కూడా కాదు. ఆడపిల్ల తరఫువాళ్ళకి నన్ను చూపించి, వీడికి పన్ను వంకర అని నువ్వే చెప్తావు” అని దండం పెట్టి, అదే వీధిలో ఎదురు వరసలో సొంత ఆఫీసు తెరుచుకున్నాడు. ఇద్దరికీ మాటలు ఆగలేదు. ఒకరి పార్టీని ఒకరు లాక్కోవడమూ ఆగలేదు.

“నాకు ఇల్లు కావాలి” అంది ఆవిడ, పార్టీలు కూర్చునే కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

తమ్ముడు నవ్వాడు. “ఎదురుగా అంత పెద్ద ఆఫీసు పెట్టుకుని నా దగ్గరికొచ్చావేంటక్కా?”

“అక్కడ నేను పార్టీని కాను, పెళ్ళాన్ని. నాకు ఇల్లు చూపించేవాడు కావాలి. ఇంటికి వంకలు పెట్టేవాడు ఇంట్లోనే ఉన్నాడు.”

“బావకి తెలిస్తే నన్ను బతకనిస్తాడా?”

“పార్టీ సంగతి బయటపెట్టకూడదని నీకు నేర్పింది మీ బావే కదా. పెట్టకు.”

తమ్ముడు తల గోక్కున్నాడు. కాసేపు కిటికీలోంచి ఎదురు ఆఫీసు బోర్డు వంక చూశాడు. “సరే గానీ, అక్కవని కమిషన్ తగ్గించను.”

“తగ్గించమని అడిగానా? పని చెయ్యి.”

అలా మొదలైంది. మధ్యాహ్నం షాపు మూసే వేళల్లో ఆవిడ తమ్ముడి స్కూటర్ వెనక కూర్చుని ఇళ్ళు చూసేది. కొన్నింటికి గుమ్మంలోంచే వెనక్కి తిరిగేది. ఒక ఇంటికి మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. బేకరీ వెనక సందులో చివరి ఇల్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, పక్కన ఒక మెట్టు దిగితే వంటిల్లు, ఆ వంటింటి గుమ్మంలోంచి చిన్న పెరడు. పెరట్లో ఒక నిమ్మచెట్టు, బట్టలు ఆరేసే తీగ. అందులో ఒంటరిగా ఉండేది ఒక ఈత టీచరు. ఊళ్ళో పిల్లలు చాలామందికి ఆవిడే ఈత నేర్పింది. ఎప్పుడూ తడి జుట్టుతోనే కనిపించేది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఇల్లు త్వరగా అమ్ముడుపోవాలని తాళం ఒకటి తాళాలాయనకీ, ఒకటి ఆయన బావమరిదికీ ఇచ్చింది. ఆ ఇద్దరి చుట్టరికం ఆవిడకి తెలియదు.

మూడోసారి వెళ్ళినప్పుడు తాళాలాయన భార్య వంటింట్లో నిలబడి, పొయ్యి ఏ వైపు ఉంటే పెరడు కనిపిస్తుందా అని చూసుకుంటోంది. తమ్ముడు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈత టీచరు పెరటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. అంతలో ముందు గదిలో తలుపు తెరుచుకున్న చప్పుడు, దాని వెనకే గుత్తి చప్పుడు.

తమ్ముడు ఫోన్ జేబులో పడేసి అక్క వెనక్కి నక్కాడు.

“ముందు వంటింటికి రండి. మెట్టు చూసుకుని దిగాలి. ఈ మెట్టే ఈ ఇంటికి మొదటి లోపం” అంటూ తాళాలాయన దిగాడు. వెనకాలే ఒక కుర్ర జంట. ఆయన తలెత్తితే ఎదురుగా భార్య. భార్య భుజం వెనక గుటకలు మింగుతున్న బావమరిది.

గుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆవిడ మాత్రం తొణకలేదు. “రండమ్మా, మెట్టు జాగ్రత్త. మీరూ ఇల్లు చూడ్డానికే వచ్చారా?” అంది ఆ అమ్మాయితో.

“అవునండీ” అంది ఆ అమ్మాయి. ఆమె భర్త తాళాలాయన వైపు తిరిగి, “సార్, మెట్టు చెప్పారు. ఇంకా లోపాలేమున్నాయి?” అని అడిగాడు. ఆ కుర్రాడు తాళాలాయన పేరు విని వచ్చినవాడే. లోపాలు వినడానికే సిద్ధపడి వచ్చాడు.

“బాత్రూమ్ తలుపు...” అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయాడు. వంటింట్లో అందరూ తన నోటి వంకే చూస్తున్నారు. లోపాలు చెప్తే ఈ జంట వెళ్ళిపోతుంది, ఇల్లు భార్యకి మిగులుతుంది. చెప్పకపోతే నమ్మి వెంట వచ్చినవాళ్ళని మోసం చేసినట్టు. ఇన్నేళ్ళ వృత్తిలో ఆయన నీళ్ళు నమలడం అదే మొదటిసారి.

“బాబూ, ఇవాళ ఈ ఇంటి గురించి నా మాట మీరు నమ్మకండి” అన్నాడు చివరికి.

“అదేంటి సార్?”

“ఈవిడ మా ఆవిడ.”

ఆ అమ్మాయి ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆవిడని చూసింది. “మీ ఆవిడ కూడా ఇదే ఇల్లు చూస్తున్నారా?”

“ఆ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది.”

పెరటి గుమ్మంలో ఈత టీచరు పగలబడి నవ్వింది. టీ పొలమారింది. తాళాలాయన భార్య వెళ్ళి ఆమె వీపు మీద తట్టింది. ఆ సందట్లో కుర్ర జంట మూలకి జరిగి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చాక కుర్రాడి మొహం వెలిగిపోతోంది.

“సార్, ఇందాక దార్లో ఈ ఇంట్లో లోపాలున్నాయని మీరు చెప్పింది విని కొంచెం జంకాం. ఇప్పుడు ధైర్యం వచ్చింది. మీ ఆవిడే కొనుక్కోవాలనుకుంటున్నారంటే ఇంక ఆలోచించేదేముంది? మేం తీసుకుంటాం.”

“చూశావా బావా” అన్నాడు బావమరిది, అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డవాడు. “ఒక్క మంచి మాట చెప్పకుండా అమ్మేశావు.”

“నువ్వు నోర్ముయ్” అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒకేసారి.

తాళాలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. వెనక గది గోడకి అవతల బేకరీ ఉంది. తెల్లారకముందే పిండి కలిపే మిషను వేస్తారు. ఆ చప్పుడు గోడలోంచి వస్తుంది. ఎంత వస్తుందో నేను చెప్తే నా స్వార్థం కోసం చెప్పినట్టుంటుంది. మీరే వచ్చి వినండి. విన్నాక కావాలనుకుంటే, నేను అడ్డు రాను. మా ఆవిడా రాదు.”

“నా తరఫున మీరెలా చెప్తారు?” అంది ఆవిడ.

“రావా?”

ఆవిడ ఆ అమ్మాయి వంక చూసింది. “రాను” అంది కొంచెం ఆలస్యంగా.

ఈత టీచరు కళ్ళు తుడుచుకుంది. “రేపే రండి అందరూ. క్లాసుంటుంది కాబట్టి నేనెలాగూ చీకటితోనే లేస్తాను. టీ పెడతాను.”

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన గొడవకి సిద్ధపడే లోపలికి వచ్చాడు. ఆవిడ మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని ఒక చొక్కా అందుకుని మడత పెట్టబోయాడు. ఆవిడ దాన్ని లాక్కుని మళ్ళీ సరిగ్గా మడిచింది.

“నన్నొక మాట అడగొచ్చు కదా” అన్నాడు ఆయన.

“ఎన్నిసార్లు అడిగానో మీకే తెలుసు.”

ఆయన ఒక్కో బట్టా తీసి ఆవిడకి అందిస్తూ కూర్చున్నాడు. కుప్ప సగానికి తగ్గాక నెమ్మదిగా అన్నాడు. “నన్ను ఇళ్ళకి ఎప్పుడు పిలుస్తారో తెలుసా? ఎవరో పోయినప్పుడు. వ్యాపారం మునిగినప్పుడు. మొగుడూ పెళ్ళాం విడిపోయినప్పుడు. నేను తలుపు తీసేసరికి ఇంట్లో ఏమీ ఉండదు. ఫ్రిజ్ పెట్టిన చోట నేల మీద నాలుగు గుంటలు, తలుపు వెనక ఎవరో మర్చిపోయిన గొడుగు. రోజూ అదే. నువ్వు ఒక ఇంట్లోకి అడుగుపెడితే పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చూస్తావు. నాకు మనం వెళ్ళిపోయాక అది ఎలా ఉంటుందో కనిపిస్తుంది. అద్దె ఇల్లయితే ఎలాగూ వెళ్ళిపోయేదే కదా, ఆ బాధ ఉండదు అనిపించేది.”

ఆవిడ చేతిలో తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. “మరి ఇన్నాళ్ళూ పడమటి గోడ వేడన్నారు.”

“వేడే. అబద్ధం చెప్పలేదు.”

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. ఆమె నవ్వుతుంటే ఆయనకి కాస్త ఊపిరి తిరిగింది.

“భయమేస్తోందని ఆ ఒక్క ముక్క మొదట్లోనే చెప్తే సరిపోయేది. మురుగు కాలవలన్నీ నాకు చూపించక్కర్లేకపోయేది” అంది. మళ్ళీ మడత మొదలుపెట్టి, “ఇంతకీ ఆ టీచరు ఇల్లెందుకు అమ్ముతోందో అడిగారా?” అంది.

“ఎక్కడికో మారుతోందేమో.”

“పెళ్ళి చేసుకుంటోంది. యాభైకి దగ్గర పడ్డాక. ఆయన ఇల్లు ఏటి పక్కనట, అక్కడికి వెళ్ళిపోతోంది. వెళ్ళే రోజు కోసం ఎదురుచూస్తోంది. ఖాళీ చేసేవాళ్ళంతా ఏడుస్తూ వెళ్ళరు.”

ఆయన ఆశ్చర్యపోయాడు. “తాళం ఇచ్చేటప్పుడు నాతో చెప్పలేదే.”

“మీరు అడిగుండరు. కొళాయి తిప్పుతూ ఉండుంటారు.”

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఇద్దరూ బయల్దేరారు. సందులో దీపం కింద కుర్ర జంట ఆవలిస్తూ నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి శాలువా కప్పుకుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. అప్పుడు గాని ఆమె కడుపుతో ఉన్న సంగతి ఎవరూ గమనించలేదు. తమ్ముడు కూడా వచ్చాడు, చెవులకి మఫ్లర్ చుట్టుకుని.

“చప్పుడు వినడానికి వచ్చి చెవులు మూసుకున్నావేంట్రా?” అంది అక్క.

“వినాల్సింది పార్టీ. నేను కాదు.”

ఈత టీచరు అందరినీ వెనక గదిలో కూర్చోబెట్టింది. కుర్ర జంట మంచం మీద, తమ్ముడు గుమ్మంలో, తాళాలాయన స్టూలు మీద, ఆయన భార్య గోడ పక్కన ఉన్న పేము కుర్చీలో. టీచరు టీలు తెచ్చి తనూ నేల మీద చతికిలబడింది. అందరూ గోడ వంక చూస్తూ టీ తాగారు.

మిషను మొదలైంది. ముందు చిన్న కుదుపు, తరవాత సన్నగా, ఒకే తీరున సాగే గురగుర. ఒళ్ళో పడుకున్న పిల్లి గొంతులోంచి వచ్చే చప్పుడుని కొంచెం పెద్దది చేసినట్టుంది. కుర్రాడు లేచి గోడకి చెవి ఆనించాడు.

“ఇంతేనా సార్? నేనింకేదో అనుకున్నాను. ఇదసలు లెక్కే కాదు” అన్నాడు. భార్య వైపు తిరిగి “ఏమంటావ్?” అన్నాడు. ఆ అమ్మాయి కూడా ఫర్వాలేదన్నట్టు తలూపింది.

భార్య వైపు చూసే ధైర్యం లేక తాళాలాయన టీ కప్పులోకి చూశాడు.

ఇంకాసేపటికి కిటికీలో చీకటి పలచబడింది. బేకరీలో మొదటి విడత రొట్టెలు పొయ్యిలోంచి తీసినట్టున్నారు, వాసన గుప్పుమంది. వెన్న, పాలు, కాలిన పిండి. తమ్ముడు మఫ్లర్ కిందికి లాగి గట్టిగా పీల్చి, “ఆహా” అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం ముక్కు మూసుకుంది. శాలువా మంచం మీద పారేసి బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. తలుపు వెళ్ళి బేసిన్‌కి ఠంగుమని తగిలింది.

“అదే నిన్న నేను చెప్పబోయింది” అన్నాడు తాళాలాయన మెల్లగా.

ఈత టీచరు వెనకే వెళ్ళి ఆమె నుదురు పట్టుకుంది. ఆ అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి గుమ్మానికి ఆనుకుంది. “ఈ వాసన రోజూ వస్తుందా?”

“రోజూ వస్తుందమ్మా” అంది టీచరు. “కాల్చే పనంతా పొద్దెక్కేలోపే అయిపోతుంది. అందుకే నిన్న మధ్యాహ్నం మీకు తెలియలేదు.”

“నా వల్ల కాదు” అంది ఆ అమ్మాయి.

“కొన్నాళ్ళేగా. పాపో బాబో పుట్టేస్తే నీకిది మామూలైపోతుంది” అన్నాడు కుర్రాడు.

“అయితే అప్పటిదాకా నువ్వు ఇక్కడుండు. నేను మా అమ్మ దగ్గరుంటాను.”

కుర్రాడు శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. తాళాలాయన లేచి, “మీ ఇద్దరికీ సరిపోయే ఇల్లు నేను చూపిస్తాను. చుట్టుపక్కల వంట వాసన కూడా రాకుండా చూస్తాను” అన్నాడు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. నెల తిరగకముందే వాళ్ళకి మూడో అంతస్తులో, పూల నర్సరీ వైపు కిటికీలున్న ఫ్లాటు కుదిర్చాడు. లిఫ్టు తరచూ మొరాయిస్తుందని ముందే చెప్పాడు.

జంటని సందు మొదటిదాకా సాగనంపి ఆయన వెనక గదిలోకి తిరిగొచ్చేసరికి, భార్య నిద్రపోతోంది.

పేము కుర్చీలో, తల బేకరీ గోడకి ఆనించి, కళ్ళజోడు ఒళ్ళోకి జారిపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. ఇంత హడావిడి జరిగినా ఆవిడకి మెలకువ రాలేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడకి తెల్లవారుజామున నిద్ర పట్టదని ఆయనకి తెలుసు. ఏ ఇంట్లో ఉన్నా ఆ వేళకి లేచి చీకట్లో అటూ ఇటూ తిరిగేది. నీళ్ళు తాగేది, కిటికీ దగ్గర నిలబడేది. ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. పక్కకి తిరిగి పడుకునేవాడు.

తమ్ముడు ఏదో అనబోయాడు. ఆయన పెదవుల మీద వేలు పెట్టి, నడుముకున్న గుత్తి చప్పుడు కాకుండా చేత్తో గట్టిగా పట్టుకుని, పిల్లి అడుగులు వేస్తూ వాణ్ణి పెరట్లోకి తీసుకుపోయాడు. టీచరు తలుపు దగ్గరగా వేసింది.

పెరట్లో తెల్లారుతోంది. టీచరు క్లాసుకి ఇంకా టైముందని తీగ మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. ఆయన కాసేపు నిమ్మచెట్టు వంక చూసి, “పెళ్ళి చేసుకుంటున్నారట కదా” అన్నాడు. ఇల్లు అమ్మేవాళ్ళని ఆయన ఇలాంటిది అడగడం ఎప్పుడూ లేదు.

“మీకెవరు చెప్పారు? మీ ఆవిడేనా?” టీచరు నవ్వింది. “నా దగ్గర ఈత నేర్చుకోవడానికే వచ్చాడండీ ఆయన. ఆ వయసులో. నీళ్ళంటే చచ్చేంత భయం. కొలను అంచున కమ్మీ ఉంటుంది కదా, అది పట్టుకుని వదిలేవాడు కాదు. చిన్నపిల్లలు పక్కనించి ఈదుకుంటూ పోతుంటే వాళ్ళకి దారి ఇస్తూ అక్కడే నిలబడేవాడు. నేను బతిమాలాను, కసిరాను. చివరికి ఒకరోజు తనంతట తనే వదిలేశాడు. ఏమైందండీ అని అడిగితే, పట్టుకుని పట్టుకుని వేళ్ళు నొప్పెడుతున్నాయి అన్నాడు. ఆ మాటకే పడిపోయాననుకోండి.”

తాళాలాయన నవ్వాడు. కాసేపు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తరవాత బావమరిది దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, “ఎంతకి మాట్లాడావు?” అని అడిగాడు.

“పార్టీకి తప్ప చెప్పను.”

“నేనూ పార్టీనేరా.”

తమ్ముడు ఆయన మొహం పరీక్షగా చూశాడు. వేళాకోళం కాదని అర్థమయ్యాక, “టీచరు నీతో చెప్పిన ధరే, ఇంకా పైసా దిగలేదు” అని చెవిలో చెప్పాడు. తాళాలాయన తలూపి, నేరుగా టీచరు వైపు తిరిగి, “మీరడిగిన ధర మాకు సమ్మతమే” అనేశాడు.

తమ్ముడు ఆయన్ని చెయ్యి పట్టుకుని నిమ్మచెట్టు వెనక్కి లాక్కెళ్ళాడు. “బావా, నీకేమైనా పిచ్చా? ఊరందరి తరఫునా రూపాయి రూపాయికి బేరం ఆడేవాడివి, నీ ఇంటికొచ్చేసరికి మొదటి మాటకే ఊ కొడతావా? నువ్వు నోరు మెదపకు. నువ్వు పార్టీవి. ఏజెంటుని నేను.”

తాళాలాయన బుద్ధిగా వెళ్ళి వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. తమ్ముడు, టీచరు తువ్వాళ్ళ మధ్య నిలబడి బేరమాడుకున్నారు. టీచరు పిల్లల్ని అదలించే గొంతుతో గట్టిగానే నిలబడింది గానీ, ఆవిడ మనసు అప్పటికే ఏటి పక్కకి వెళ్ళిపోయి ఉంది. కొంత తగ్గించింది. పేము కుర్చీ ఇల్లుతోపాటే వదిలేస్తానంది.

ఎండ పెరట్లోకి వచ్చాక ఆవిడ కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చింది. చెంప మీద గోడ సున్నం తెల్లగా అంటుకుని ఉంది. “ఎవరూ లేపలేదేంటి? వాళ్ళేరీ? ఏమైంది?”

“కొనేశాం” అన్నాడు ఆయన.

“నన్నడక్కుండానా?”

“నువ్వు నన్నడిగి వెతికావా?”

ఆవిడ ఏదో అనబోయి, తమ్ముడి వంక చూసింది. వాడు తలూపాడు. ఆవిడ ఆయన పక్కనే మెట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకి తెలియలేదు. చెంప మీది సున్నం తన చేతిరుమాలుతో తుడిచాడు.

రిజిస్ట్రేషన్ రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆ ఆఫీసు బల్లల మీద ఆయన కూర్చోని చోటు లేదు. గుమాస్తా కాగితం ముందుకి తోయగానే, అలవాటు కొద్దీ సాక్షులు పెట్టే చోట సంతకం పెట్టేశాడు. గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు, కాగితమంతా మళ్ళీ రాయించాల్సి వచ్చింది. రెండోసారి భార్య వేలితో చోటు చూపించింది. అక్కడ పెట్టాడు.

ఈత టీచరు వెళ్ళే రోజు ఆమెకి కాబోయే భర్త కారు తీసుకుని వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. డిక్కీలో పట్టినన్ని పెట్టెలు, ఈత బోర్డులు, గాలి తీసేసిన రబ్బరు చక్రాలు సర్దాడు. టీచరు ఇల్లంతా ఒకసారి తిప్పి, ఏ కొళాయిని మెల్లగా తిప్పాలో, వాన వస్తే ఏ కిటికీ ముందు మూయాలో చెప్పింది. తాళాలాయన భార్యని కావలించుకుంది. కారెక్కి కూర్చున్నాక అద్దం దించి, మెళ్ళో ఉన్న ఈల గట్టిగా ఊదింది. సందులో పిల్లలంతా బయటికి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది. కారు మలుపు తిరిగేదాకా తాళాలాయన గేటు దగ్గర నిలబడి చూశాడు. నవ్వుతూ ఇల్లు వదిలి వెళ్ళే మనిషిని అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే సామాన్లు దిగాయి. మంచం ముందు గదిలో వేద్దామని ఆయన. కాదు, వెనక గదిలో బేకరీ గోడకి ఆనించాలని ఆవిడ. ఆవిడ మాటే నెగ్గింది. తమ్ముడు ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని, లోపలినించి ఆవిడ లాగుతుంటే, మంచం గుమ్మంలో సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. తమ్ముడు చెమట తుడుచుకుని వడ్రంగిని పిలుచుకొస్తానని స్కూటరెక్కాడు. ఆవిడ లోపల ఇరుక్కుపోయింది, ఆయన బయట మిగిలిపోయాడు.

“గుమ్మం వెడల్పు కొలవలేదా?” అంది ఆవిడ మంచం అవతలినించి.

“లేదు.”

“ఊళ్ళో అందరి గుమ్మాలూ కొలుస్తారు.”

“ఏం చూసుకున్నానో నాకే గుర్తులేదు” అన్నాడు ఆయన. మంచం పట్టె మీద మోచేతులు ఆనించి, అవతల కూర్చున్న మనిషిని చూశాడు. ఆవిడ జుట్టంతా దుమ్ము. “ఆకలేస్తోందా?”

“వేస్తోంది.”

ఆయన గోడ అవతలి బేకరీకి వెళ్ళి రెండు బన్నులు తెచ్చాడు. ఒకటి మంచం మీదుగా ఆవిడకి అందించాడు. వడ్రంగి వచ్చేదాకా, ఇటు ఒకరు అటు ఒకరు నేల మీద కూర్చుని తింటూ, బల్ల ఎక్కడ పెట్టాలన్న దాని మీద మళ్ళీ వాదన మొదలుపెట్టారు.